మానవీయ శాస్త్రాలు, సుస్థిరత, వ్యాపార నీతి

తత్త్వశాస్త్రం, చరిత్ర, సాహిత్యం, భాషాధ్యయనం, మతాల అధ్యయనం, కళాచరిత్ర మొదలైన విద్యలను కలిపి మానవీయ శాస్త్రాలు అని వ్యవహరిస్తారు. మనుషులు దేనికి విలువ ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఆ విలువను ఏ మాటల్లో, ఏ ఆచారాల్లో, ఏ కళల్లో చెప్పుకున్నారు అన్నది ఈ విద్యలన్నిటికీ ఉమ్మడి విషయం. ఇప్పటి తరం తన అవసరాలు తీర్చుకుంటూనే రాబోయే తరాల అవసరాలకు నేల, నీరు, అడవి, గాలి మిగిలేలా బతకడాన్ని సుస్థిరత అంటారు. లాభం కోసం నడిచే సంస్థ తన కార్మికుల పట్ల, కొనుగోలుదారుల పట్ల, ఇరుగుపొరుగు ప్రజల పట్ల, ప్రకృతి పట్ల ఎలా నడుచుకోవాలో విచారించే శాఖ వ్యాపార నీతి. సుస్థిరతను ప్రకృతి శాస్త్రాలూ ఆర్థికశాస్త్రమూ కొలుస్తాయి. వ్యాపార ప్రవర్తనను చట్టమూ లెక్కల తనిఖీయూ అదుపు చేస్తాయి. అయితే ఏది కొలవదగినది, నష్టం ఎవరిది, ఆ నష్టాన్ని గురించి మాట్లాడే హక్కు ఎవరికి ఉంది అనే ప్రశ్నలు కొలతకు ముందే తేలవలసినవి కనుక, అవి మానవీయ శాస్త్రాల పరిధిలోకి వస్తాయి. ఈ మూడు రంగాల సంబంధాన్ని, అది పెరిగిన తీరును, దానిపై వచ్చిన విమర్శలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

భావాల నేపథ్యం

వ్యాపారాన్ని ధర్మవిచారం నుంచి వేరుచేసి చూడడం ఇటీవలి అలవాటు. 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి గుర్తించి, 1909లో ప్రచురించిన కౌటిల్యుని అర్థశాస్త్రం, వర్తకాన్ని పర్యవేక్షించే పణ్యాధ్యక్షుడు ప్రజలకు హాని కలిగించే లాభాన్ని, అది ఎంత పెద్దదైనా, వదులుకోవాలని నిర్దేశిస్తుంది. దొంగ తూకాలకు, కల్తీకి, వర్తకులు కూడబలుక్కొని ధరలు మార్చడానికి శిక్షలను కంటకశోధనమనే అధికరణంలో వివరిస్తుంది. ఆధునిక ఆర్థికశాస్త్రానికి ఆద్యుడుగా పేరుపొందిన ఆడం స్మిత్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్ర ఆచార్యుడు. దేశాల సంపదపై 1776లో వెలువరించిన గ్రంథానికి 17 ఏళ్ల ముందు, 1759లో, సానుభూతి, న్యాయబుద్ధి మనిషిలో ఎలా కలుగుతాయో చర్చించే నైతిక భావాల సిద్ధాంతాన్ని ఆయన ప్రచురించాడు. దేశాల సంపద గ్రంథాన్ని మాత్రమే చదివిన తరాలు ఆయనను స్వార్థానికి సమర్థకుడుగా చూశాయనీ, దానివల్ల ఆర్థికశాస్త్రమే నష్టపోయిందనీ అమర్త్య సేన్ 1987లో వెలువడిన నీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం అనే ఉపన్యాస సంపుటంలో వాదించాడు.

సుస్థిరత అనే భావన వ్యాపార అవసరం నుంచే పుట్టింది. జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో వెండి గనులకూ కొలుములకూ కావలసిన కలప తరిగిపోతుండగా, గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో రాసిన అటవీ గ్రంథంలో, అడవి తిరిగి పెరగగలిగినంత మేరకే నరకాలనే సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఆ సూత్రం 1972 నాటి స్టాక్‌హోం పర్యావరణ సదస్సు తరువాత ప్రపంచస్థాయి చర్చగా మారింది. గ్రో హార్లెం బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం 1987లో ఇచ్చిన నివేదికలో సుస్థిరాభివృద్ధికి ఇప్పుడు వాడుకలో ఉన్న నిర్వచనం స్థిరపడింది. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను, వాటి కింద 169 ఉపలక్ష్యాలను ఆమోదించింది.

వ్యాపార సంస్థ బాధ్యత ఎంతవరకు అన్న వాదం ఇదే కాలంలో సాగింది. చట్టానికీ సమాజపు ప్రాథమిక నియమాలకూ లోబడి లాభం పెంచడమే సంస్థ సామాజిక బాధ్యత అని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో వాదించాడు. 1984లో ఆర్. ఎడ్వర్డ్ ఫ్రీమన్, వాటాదారులతో పాటు కార్మికులు, సరఫరాదారులు, కొనుగోలుదారులు, స్థానిక ప్రజలు అందరూ సంస్థతో ప్రయోజనం ముడిపడిన పక్షాలేననీ, వారందరినీ లెక్కలోకి తీసుకోవాలనీ ప్రతిపాదించాడు. లాభంతో పాటు ప్రజలనూ పుడమినీ కలిపి మూడు పద్దులుగా ఫలితాన్ని చూపాలనే సూత్రాన్ని జాన్ ఎల్కింగ్టన్ 1994లో రూపొందించాడు. అది లెక్కల పట్టికగా కుదించుకుపోయి అసలు ఉద్దేశం మరుగున పడిందని చెప్పి, 2018లో ఆయనే ఆ సూత్రాన్ని పునరాలోచించాలని కోరాడు.

తత్త్వశాస్త్రం: బాధ్యత ఎవరి పట్ల, ఎంత కాలం

వ్యాపార నీతి పాఠ్యగ్రంథాలు సాధారణంగా మూడు తత్త్వధారలను ఆధారం చేసుకుంటాయి. మొదటిది ఫలితవాదం, ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసే పని మంచిదని జెరిమీ బెంథాం, జాన్ స్టూవర్ట్ మిల్ వంటి వారు చెప్పిన మార్గమిది, వ్యయప్రయోజనాల లెక్క దీని వారసత్వమే. రెండోది కర్తవ్యవాదం, మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడరాదని ఇమ్మానుయేల్ కాంట్ 1785లో చెప్పిన సూత్రం దీనికి మూలం, కార్మిక హక్కుల వాదం దీనిమీదే నిలుస్తుంది. మూడోది అరిస్టాటిల్ నుంచి వచ్చిన శీలవాదం. ఏ పని చేయాలి అన్నదానికంటే ఎలాంటి మనిషిగా, ఎలాంటి సంస్థగా తయారుకావాలి అన్నది దీనికి ముఖ్యం.

ఈ మూడూ ఎదుట ఉన్న మనుషుల మధ్య వ్యవహారాన్నే ప్రధానంగా చూశాయి. సుస్థిరత చర్చ ఆ వృత్తాన్ని రెండు దిక్కులకు పెంచింది. నేల, నీరు, మొక్కలు, జంతువులు కూడా నైతిక సమాజంలో సభ్యులే అనే భూనీతిని అమెరికా అటవీ అధికారి ఆల్డో లియోపోల్డ్ రూపొందించగా, అది ఆయన మరణానంతరం 1949లో పుస్తకరూపంలో వచ్చింది. సాంకేతికశక్తి పెరిగిన కొద్దీ ఇంకా పుట్టని తరాల పట్ల కూడా బాధ్యత పెరుగుతుందని జర్మన్ తాత్త్వికుడు హాన్స్ యోనాస్ 1979లో వాదించాడు. యాభై ఏళ్ల తరువాత బతికే మనిషి ఈనాటి ఒప్పందంలో సంతకం చేయలేడు, ఈనాటి బజారులో బేరమాడలేడు కనుక, అతని తరఫున ఎవరు మాట్లాడాలన్నది ధర నిర్ణయించలేని ప్రశ్న.

విలువకు ధర కట్టినప్పుడు ఆ విలువ మారిపోతుందా అన్నది మరో ముఖ్యమైన చర్చ. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో 10 శిశుసంరక్షణ కేంద్రాలపై ఊరి నీజీ, ఆల్డో రుస్టికీని జరిపి 2000లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా వేసినప్పుడు ఆలస్యం తగ్గకపోగా పెరిగింది. జరిమానా తీసేశాక కూడా పాత స్థితి తిరిగి రాలేదు. అంతకుముందు మొహమాటంగా ఉన్నది రుసుము కట్టి కొనుక్కునే సేవగా మారిపోయింది. కాలుష్యానికి రుసుము కట్టడం, ఒకచోట చెట్లు నాటి మరొకచోట పొగ వదిలే హక్కు కొనుక్కోవడం వంటి పద్ధతులను అంచనా వేసేటప్పుడు మైకేల్ శాండెల్ వంటి తాత్త్వికులు ఈ పరిశోధనను ఉదాహరిస్తారు.

గాంధేయ ఆర్థిక చింతన

భారతదేశంలో ఈ మూడు రంగాలను కలిపి చూసిన ప్రధాన ధార గాంధేయ చింతన. అది ఒక సాహిత్య కళా విమర్శకుడి పుస్తకంతో మొదలుకావడం గమనించదగినది. ఆంగ్ల కళావిమర్శకుడు జాన్ రస్కిన్ 1860లో రాసిన ఆర్థిక వ్యాసాల సంపుటిని గాంధీ 1904లో జోహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కు రైలులో వెళుతూ చదివి, ఆ ఏడాదే ఫీనిక్స్ ఆశ్రమాన్ని నెలకొల్పాడు. 1908లో సర్వోదయ అనే పేరుతో దాని సారాన్ని గుజరాతీలో అందించాడు. ధనికుడు తన సంపదకు యజమాని కాడు, సమాజం తరఫున ధర్మకర్త మాత్రమే అనే సిద్ధాంతం ఆ తరువాత రూపుదిద్దుకుంది.

ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవాడు జె.సి. కుమారప్ప. లెక్కల తనిఖీ వృత్తిలో శిక్షణ పొంది, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చదివిన ఆయన 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని వార్ధాలో నడిపాడు. జైలులో రాసి 1945లో ప్రచురించిన శాశ్వత ఆర్థికవ్యవస్థ అనే గ్రంథంలో, పరాన్నజీవుల తీరు నుంచి సేవాభావం వరకు ఆర్థిక ప్రవర్తనను మెట్లుగా విభజించి, తిరిగి నిండే వనరులపై ఆధారపడిన ఉత్పత్తే నిలుస్తుందని వాదించాడు. 1973లో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఇ.ఎఫ్. షూమాకర్ రచనలోని బౌద్ధ ఆర్థికశాస్త్రమనే అధ్యాయం కుమారప్పను ప్రస్తావిస్తుంది. ధర్మకర్తృత్వ భావన తెలుగునేల మీద భూమి విషయంలో పరీక్షకు వచ్చింది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే అడిగినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమివ్వడంతో భూదానోద్యమం ఆరంభమైంది. దేశవ్యాప్తంగా సేకరించిన భూమిలో గణనీయమైన భాగం సాగుకు పనికిరానిది కావడం, కొంత పేదలకు పంపిణీయే కాకపోవడం, దాత సద్బుద్ధి మీద మాత్రమే ఆధారపడే నీతికి ఉన్న పరిమితిని చూపించాయి.

చరిత్ర: శాసనాల్లో వర్తకధర్మం, నీటిధర్మం

సంస్థల జ్ఞాపకం సాధారణంగా కొద్ది సంవత్సరాలదే. వనరుల జీవితం శతాబ్దాలది. ఈ అంతరాన్ని పూరించేది చరిత్ర. తెలుగు ప్రాంతపు శాసనాలు ఇందుకు మంచి ఆధారాలు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారని చెప్పి, ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్ర వర్తకులకు హామీ ఇస్తుంది. సుంకం ముప్పయ్యో వంతుగా నిర్ణయమైంది. వర్తకుడి ఆపదను పాలకుడు ఆదాయంగా మార్చుకోరాదన్న ధర్మమూ, నమ్మకం కుదిరితేనే రేవుకు ఓడలు వస్తాయన్న వ్యవహారజ్ఞానమూ ఈ శాసనంలో ఒకటిగా కనిపిస్తాయి.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి తటాక శాసనం మరింత విస్తృతమైనది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఈ సంస్కృత శాసనం, రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగా చెరువు రెండేళ్లలో పూర్తయిందని చెబుతూ, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, రాకూడని 6 దోషాలను వరుసగా పేర్కొంటుంది. అంగాల్లో మొదటిది ధర్మబుద్ధి గల ప్రభువు, రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. గట్టి నేల, తీయని నీరు తెచ్చే నది, రాతి పని తెలిసిన వారు ఆ తరువాతి అంగాలు. కట్టనుంచి నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం వంటివి దోషాలు కాగా, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం కూడా ఒక దోషమే. వనరు ఇవ్వగలిగినదానికంటే దానిమీద ఆధారం పెంచడాన్ని నిర్మాణలోపంగా పరిగణించిన ఈ జాబితాలో పాలకుడి నీతి, పండితుడి విద్య, నేల స్వభావం ఒకే పట్టికలో చేరాయి.

చెరువు కట్టించినవారికీ బాగుచేయించినవారికీ దశబంధమనే పేరుతో భూమినో రాబడిలో భాగాన్నో ఇవ్వడం, తూము దగ్గర నీటి పంపకాన్ని నీరటికాడు చూడడం, పూడిక తీతలో ఊరంతా చేయి కలపడం వంటి ఏర్పాట్లు ఉమ్మడి వనరును నిలబెట్టాయి. ఉమ్మడి ఆస్తిని ప్రతివాడూ స్వార్థంతో వాడుకొని నాశనం చేస్తాడని గారెట్ హార్డిన్ 1968లో రాసిన సిద్ధాంతానికి ఎలినార్ ఆస్ట్రం 1990లో ఇచ్చిన సమాధానం, పలు దేశాల్లోని ఇటువంటి స్థానిక ఏర్పాట్ల చరిత్రను పరిశీలించి తీసిన 8 సూత్రాల మీద నిలిచింది; ఆమెకు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ లభించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణకు పూనుకుంది. కట్టనూ తూమునూ బాగుచేయడం ఇంజనీర్ల పని; నీటి పంపకపు కట్టుబాటు ఎలా పనిచేసిందో, అందులో ఏ కులానికి ఎంత వాటా దక్కిందో, ఎవరికి దక్కలేదో చెప్పవలసింది సామాజిక చరిత్ర.

ప్రమాదాల విషయంలో చరిత్రజ్ఞానం నేరుగా ప్రాణాలకు సంబంధించినది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడినప్పుడు, ఆ రసాయనం ఉత్పత్తి ఆగి ఉంది, నిల్వను చల్లబరిచే యంత్రం పనిచేయడం లేదు. 2020 మే 7న విశాఖపట్నం సమీపంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ లీకై 12 మంది మరణించినప్పుడు కూడా లాక్‌డౌన్ వల్ల పని ఆగిన స్థితిలో నిల్వ ఉన్న రసాయనమే వేడెక్కింది. పని ఆగిన కర్మాగారం ప్రమాదరహితమనే భావనను 36 ఏళ్ల కిందటి అనుభవం అప్పటికే ఖండించింది.

సాహిత్యం: సాక్ష్యం, దాని ఫలితం

లెక్కల్లోకి రాని బాధను బహిరంగ చర్చలోకి తేవడంలో సాహిత్యానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. నీలిమందు తోటల యజమానుల దౌర్జన్యాన్ని చిత్రించిన దీనబంధు మిత్ర బెంగాలీ నాటకం నీల్ దర్పణ్ 1860లో వెలువడింది. దాని ఆంగ్లానువాదాన్ని ప్రచురించిన మతబోధకుడు జేమ్స్ లాంగ్‌కు 1861లో 1000 రూపాయల జరిమానా, నెలరోజుల జైలు శిక్ష పడ్డాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవల 1922లో వచ్చి, వ్యవసాయ కూలీల బతుకును, కులవ్యవస్థలో శ్రమకు దక్కే విలువను చిత్రించి, ప్రభుత్వ నిషేధానికి గురైంది. రాచెల్ కార్సన్ 1962లో రాసిన పుస్తకం పురుగుమందుల ప్రభావాన్ని శాస్త్రీయ ఆధారాలతో, సాహిత్య శైలితో చెప్పి అమెరికాలో పర్యావరణ చట్టాలకు దారితీసిన ఉద్యమానికి ఊపిరి పోసింది.

సాక్ష్యం ఎప్పుడూ రచయిత కోరిన ఫలితాన్నే ఇస్తుందని చెప్పలేము. షికాగో మాంస కర్మాగారాల్లో కార్మికుల దుస్థితిని చూపాలని అప్టన్ సింక్లెయిర్ 1906లో నవల రాయగా, పాఠకులు తమ కంచంలోని మాంసాన్ని గురించి ఆందోళన చెందారు. అదే ఏడాది ఆహార, ఔషధ శుద్ధిపైనా మాంస తనిఖీపైనా చట్టాలు వచ్చాయి, కార్మికుల పరిస్థితి మాత్రం చాలావరకు అలాగే మిగిలింది.

ఇంగ్లండులోని క్యాడ్‌బరీ సంస్థ ఉదంతం ఈ విషయంలో తరచు అధ్యయనం చేసేది. క్వేకర్ మతశాఖకు చెందిన క్యాడ్‌బరీ కుటుంబం 1879లో బర్మింగ్‌హాం శివార్లలోని బోర్న్‌విల్‌కు కర్మాగారాన్ని మార్చి, తరువాత అక్కడే తోటలతో కూడిన ఆదర్శ నివాసప్రాంతాన్ని నిర్మించింది. ఆ చాక్లెట్‌కు వాడే కోకోలో కొంత పోర్చుగీసు పాలనలోని సావో తోమే దీవుల్లో బానిసత్వానికి సమానమైన శ్రమతో పండుతున్నదని సంస్థకు 1901లోనే సమాచారం అందింది. పాత్రికేయ రచయిత హెన్రీ నెవిన్సన్ స్వయంగా వెళ్లి చూసి 1906లో పుస్తకం ప్రచురించాడు. సంస్థ విచారణలు జరిపి, దౌత్యమార్గంలో ప్రయత్నించి, 1909లో గానీ ఆ కోకో కొనడం మానలేదు. ఆలస్యాన్ని విమర్శించిన పత్రికపై వేసిన పరువునష్టం దావాలో సంస్థే గెలిచినా, న్యాయసభ్యులు పరిహారంగా ఇప్పించినది ఒక ఫార్దింగు, అంటే అప్పటి పెన్నీలో నాలుగో వంతు. సొంత ప్రాంగణంలో పాటించే నీతి సరఫరా గొలుసు చివరిదాకా చేరిందా అన్న ప్రశ్న అప్పటినుంచి మారలేదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయినప్పుడు పాశ్చాత్య దుస్తుల సంస్థలకు ఎదురైన ప్రశ్న కూడా అదే.

సాహిత్య విమర్శలో పర్యావరణ దృష్టి 1990ల నుంచి ప్రత్యేక శాఖగా బలపడింది. ఒక్కసారిగా కనిపించకుండా ఏళ్ల తరబడి పేదల శరీరాల్లోకి, నేలలోకి ఇంకే కాలుష్యాన్ని రాబ్ నిక్సన్ 2011లో నెమ్మది హింసగా వర్ణించాడు. వాతావరణ మార్పును గంభీరమైన నవల ఎందుకు పట్టించుకోలేకపోయిందని అమితావ్ ఘోష్ 2016లో ప్రశ్నించాడు. భోపాల్ బాధితుల అనంతర జీవితం ఇంద్ర సిన్హా 2007 నాటి నవల యానిమల్స్ పీపుల్‌కు వస్తువైంది.

సంస్కృతి, సమ్మతి, హక్కులు

ఒక కొండ ఖనిజ నిల్వా, దేవుడి నివాసమా అన్న భేదం న్యాయస్థానాలదాకా వచ్చిన సందర్భం ఒడిశాలోని నియంగిరి. రాయగడ, కలహండి జిల్లాల్లో విస్తరించిన ఈ కొండలను డోంగ్రియా కోందు గిరిజనులు నియమరాజు నెలవుగా కొలుస్తారు. అక్కడ బాక్సైట్ తవ్వకాలు తమ మత, సాంస్కృతిక హక్కులకు భంగమా కాదా అన్నది గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పగా, సమావేశమైన 12 గ్రామసభలూ తవ్వకాలను తిరస్కరించాయి. స్థానికుల విశ్వాసాన్ని, కథలను, ఆచారాలను నమోదు చేసిన జానపద, మానవశాస్త్ర జ్ఞానానికి ఇక్కడ వ్యాపార అనుమతిని నిర్ణయించే స్థాయిలో ప్రాధాన్యం దక్కింది.

దీనికి పూర్వరంగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గిరిజన భూములను గనుల కోసం ప్రైవేటు సంస్థలకు కౌలుకివ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయరాదన్న నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు ఇచ్చింది. అక్కడ గనుల పని సాగే చోట నికరలాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల అభివృద్ధికి నిధిగా ఉంచాలని కూడా సూచించింది.

సంస్కృతి నుంచే ఉత్పత్తిని పునర్నిర్మించిన ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దళిత మహిళల సంఘాలు జొన్న, సజ్జ, కొర్ర, సామ వంటి పాత పంటల విత్తనాలను సేకరించి, ఊరూరా విత్తన నిధులు ఏర్పరచి, ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరేగించే పాత పంటల జాతరను ఏటా జరుపుతున్నాయి. 2008లో మాచునూరులో మొదలైన సంఘం రేడియోను కూడా ఆ మహిళలే నడుపుతారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం 2019లో ఈ సంస్థకు లభించింది. విత్తనంతో పాటు దాని పేరు, పాట, వంట, పండుగ కూడా నిలిస్తేనే సాగు నిలుస్తుందన్నది ఈ ప్రయత్నం వెనుక ఉన్న అవగాహన.

చట్టం, నివేదికలు, భాష

భారతదేశంలో 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్, 500 కోట్ల నికర సంపద, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికరలాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, సంస్థ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు ఖర్చుచేయాలని నిర్దేశించింది. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. ఆ ఖర్చుకు అర్హమైన రంగాలను పేర్కొనే ఏడో షెడ్యూలులో పర్యావరణంతో పాటు వారసత్వ కట్టడాలు, ప్రజాగ్రంథాలయాలు, సంప్రదాయ కళలు, చేతివృత్తులు కూడా ఉన్నాయి. బాధ్యతాయుత వ్యాపారానికి 2019లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల్లోని 9 సూత్రాల ఆధారంగా, మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ సంస్థలు వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక ఇవ్వడాన్ని సెబీ 2022–23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరి చేసింది. అంతర్జాతీయంగా 2000లో ఆరంభమైన ఐక్యరాజ్యసమితి గ్లోబల్ కాంపాక్ట్, 2011లో ఆమోదం పొందిన వ్యాపార, మానవహక్కుల మార్గదర్శక సూత్రాలు ప్రధానమైనవి.

నివేదికలూ పురస్కారాలూ వాస్తవ ప్రవర్తనకు హామీ కావని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్స్ ఉదంతం తెలిపింది. 2008లో సత్పరిపాలనకు అంతర్జాతీయ పురస్కారం అందుకున్న ఆ సంస్థ ఛైర్మన్ బి. రామలింగరాజు, 2009 జనవరి 7న రాసిన లేఖలో వేల కోట్ల రూపాయల మేర లెక్కలు తారుమారు చేసినట్లు ఒప్పుకున్నాడు. 2015లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో పాటు పలువురిని దోషులుగా నిర్ధారించింది. అదే సంవత్సరం ఫోక్స్‌వాగన్ సంస్థ, తక్కువ కాలుష్యమని ప్రచారం చేసిన డీజిల్ కార్లలో తనిఖీ సమయానికే పొగను తగ్గించే సాఫ్ట్‌వేర్ అమర్చినట్లు బయటపడింది. సుమారు 1 కోటి 10 లక్షల కార్లు ఇందులో చేరాయి. చేయని మేలును చేసినట్లు చెప్పుకొనే ఇటువంటి ప్రచారాన్ని గ్రీన్‌వాషింగ్ అంటారు. దాన్ని అరికట్టడానికి భారత వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు జారీచేసింది. సహజం, పర్యావరణహితం వంటి మాటలకు ఆధారం చూపించమని అవి కోరుతాయి. ఒక వాక్యం ఏమి చెబుతోందో, ఏమి దాటవేస్తోందో, కర్త ఎవరో చెప్పకుండా క్రియను ఎలా నడుపుతోందో పరిశీలించే అలంకారశాస్త్ర, భాషాశాస్త్ర పద్ధతులు ఈ నివేదికల పఠనంలో నేరుగా ఉపయోగపడతాయి.

విద్యారంగంలో ప్రయత్నాలు

వ్యాపార నిర్వాహకులకు మానవీయ విద్య అందించే ప్రయత్నాలు రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో ఊపందుకున్నాయి. పారిశ్రామికవేత్త వాల్టర్ పెప్కీ చొరవతో 1949లో ఆస్పెన్‌లో జరిగిన గేటే ద్విశతజయంతి సభల నుంచి ఆస్పెన్ సంస్థ పుట్టి, అధికారులు ప్రాచీన, ఆధునిక గ్రంథాలను కలిసి చదివి చర్చించే సదస్సులను నడిపింది. 1953లో పెన్సిల్వేనియా బెల్ టెలిఫోన్ సంస్థ తన అధికారుల కోసం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పది నెలల మానవీయ శాస్త్రాల కోర్సును ఏర్పాటు చేసింది. అది 1960 ప్రాంతంలో ఆగిపోయింది. బాధ్యతాయుత నిర్వహణ విద్య కోసం ఐక్యరాజ్యసమితి మద్దతుతో 2007లో సూత్రాలు రూపొందాయి. కార్నెగీ ఫౌండేషన్ తరఫున 2011లో వెలువడిన అధ్యయనం, వ్యాపార విద్యలో విశ్లేషణతో పాటు బహుళ దృక్కోణాలు, అర్థవిచారం, ఆచరణాత్మక వివేచన నేర్పాలని కోరింది. భారతదేశంలో 2020 జాతీయ విద్యావిధానం వృత్తివిద్యలతో మానవీయ శాస్త్రాలను కలపాలని సూచించింది.

విమర్శలు, పరిమితులు

ఈ కలయికపై మూడు విమర్శలు ప్రధానంగా వినిపిస్తాయి. మొదటిది, మానవీయ శాస్త్రాలు సంస్థలకు అలంకారంగా మారే ప్రమాదం. బ్రిటన్‌లోని టేట్ కళాప్రదర్శనశాలలకు చమురు సంస్థ బీపీ 1990 నుంచి ఇచ్చిన ఆర్థిక సహాయంపై కళాకారులు ఏళ్ల తరబడి నిరసన తెలపగా, ఆ ఒప్పందం 2017లో ముగిసింది. కళకు ఇచ్చే డబ్బు కళంకాన్ని కప్పడానికి పనికివస్తుందన్నది ఆ నిరసన సారం. రెండోది, పుస్తకాలు చదివినంత మాత్రాన మనిషి నీతిమంతుడవుతాడని చెప్పలేమన్న ఆక్షేపణ. ఉన్నత సాహిత్య సంస్కారం గల సమాజాలే బానిస వ్యాపారాన్నీ వలస దోపిడీనీ నడిపాయన్నది దీనికి చారిత్రక ఆధారం. మూడోది, సంప్రదాయాన్ని ప్రకృతిప్రియమైనదిగా కీర్తించే ధోరణి, చెరువు నీటిలోనూ భూమిలోనూ కులం, లింగం ఆధారంగా సాగిన వివక్షను మరుగుపరుస్తుందన్నది.

ఈ విమర్శలు మానవీయ శాస్త్రాల లోపలినుంచే వచ్చాయి. కళావిమర్శ, వలసవాద చరిత్ర, దళిత, స్త్రీవాద అధ్యయనాలు వీటికి పుట్టిళ్లు. కాబట్టి ఈ విద్యల ప్రయోజనాన్ని నిర్వాహకులను సంస్కారవంతులను చేయడంలో వెతకడం కంటే, నిర్ణయాన్ని బహిరంగ పరిశీలనకు లోను చేయడంలో చూడడం సమంజసం. ఉద్గారాలను రసాయనశాస్త్రమే కొలవాలి, లాభనష్టాలను గణకుడే తేల్చాలి, ఉల్లంఘనకు చట్టమే శిక్ష వేయాలి; ఈ పనులు తత్త్వశాస్త్రమో సాహిత్యమో చేయలేవు. అయితే నివేదిక ఎంత నిండుగా ఉన్నా, అందులో ఎవరి నష్టం లెక్కకు రాలేదో, ఎవరి మాట చేరలేదో అడిగేవారు లేకపోతే, అది సంస్థ తనను గురించి తాను రాసుకున్న ప్రశస్తిగానే మిగులుతుంది. ఆ ప్రశ్నను ఆధారాలతో అడగడం నేర్పే విద్యలుగా మానవీయ శాస్త్రాలు సుస్థిరతకూ వ్యాపార నీతికీ పునాదిలో భాగమే.